వద్దన్న తర్వాత

మౌసుని ఆబిదా దబ్బనం పట్టుకున్నట్టే పట్టుకుంది, బొటనవేలూ చూపుడువేలూ తెల్లబడేంత బిగించి. జానెడు మందం పరుపులో ఈ పక్క నుంచి ఆ పక్కకి దారం దూర్చాలంటే ఆ పట్టు కావాలి మరి. ఈ ప్లాస్టిక్ ముక్కకి అంత బలం అక్కర్లేదని ఫర్జానా చెప్పి చూసింది. చెబితే వినే చెయ్యి కాదని తేలాక తల్లి వేళ్ళని ఒక్కొక్కటే వదులుచేసి, అరచేతిని మౌసు మీద బోర్లించి, ఊరికే ఆనిస్తే చాలమ్మా అంది.

ఏలూరు తంగెళ్ళమూడిలో ఆ ఇంటి ముందు గది అబ్దుల్ హమీద్ పరుపుల దుకాణం. వెనక గదిలో కాపురం, ఆ కాపురంలో ఒక మూల కంప్యూటరు. దూదికీ కంప్యూటరుకీ పడదు. ముందు గదిలో బూరుగు దూది ఏకినప్పుడల్లా నూగు గాలిలో తేలుతూ వచ్చి డబ్బాలోకి దూరి, లోపలి ఫ్యాను రెక్కలకి చుట్టుకుంటుంది. అందుకని దానికి ఆబిదా పాత చీర కప్పి ఉంచుతారు. ఆదివారం వచ్చిందంటే ఫర్జానా మరలు విప్పి దూదంతా లాగి మళ్ళీ బిగిస్తుంది. ఇలాగే కొన్నాళ్ళు పోగేస్తే కంప్యూటరు దూదితోనే ఒక తలగడ కుట్టేయొచ్చని హమీద్ నవ్వుతాడు.

ఫర్జానాది ఎంసీయే ఆఖరి ఏడు. ఆమే, ఆమె స్నేహితురాలు నిస్సీ కలిసి ప్రాజెక్టు కింద ఒక ఆట తయారుచేశారు. నిస్సీది కొల్లేటి లంకల్లో ఊరు, వాళ్ళ నాన్న ఎలీయాజరు చేపలు పడతాడు. బొమ్మలన్నీ నిస్సీవి: దోనె, తామరాకులు, ముక్కు సంచీ వేలాడేసుకున్న గూడబాతులు. మాటలన్నీ ఫర్జానావి. తుపాకులూ కార్లూ లేవు ఈ ఆటలో. జలజ అనే అమ్మాయి దోనె వేసుకుని ఊళ్ళో తిరుగుతుంటే ఎదురైనవాళ్ళు ఏదో ఒకటి అడుగుతారు. కింద రెండో మూడో జవాబులు కనిపిస్తాయి. ఆడేవాళ్ళు ఒకటి నొక్కాలి. తెలుగు అక్షరాలు తెర మీదికి రప్పించడానికి ఇద్దరూ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

కంప్యూటరు ముట్టనివాళ్ళ చేత ఒకసారి ఆడించండి, మీరేమీ చెప్పకుండా చూస్తూ కూర్చోండి అని లెక్చరర్ చెప్పారట. అలాంటి మనిషి కోసం ఫర్జానా ఎంతో దూరం వెతకక్కర్లేకపోయింది.

ఆబిదా ఏడో తరగతి చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి, జలజని దోనె ఎక్కించింది. పడవవాడు, ఎడమ కాలవలో పోదామా, కుడి కాలవలో పోదామా అన్నాడు. ఎడమ నొక్కింది. రేవు వచ్చింది. బాగుందే అని మళ్ళీ మొదటికి తెప్పించుకుని ఈసారి కుడి నొక్కింది. అదే రేవు. అదే గూడబాతు.

“రెండూ ఒక చోటికే వస్తుంటే అడగడం దేనికే?”

దారికో బొమ్మ గీయాలంటే నిస్సీ చెయ్యి పడిపోతుందని ఫర్జానా చెప్పింది. అన్ని ఆటల్లోనూ ఇంతేనట. నడిపించేది తామేనని ఆడేవాళ్ళకి అనిపిస్తే చాలట. ఆబిదాకి అది వింతగా తోచలేదు. సరిగ్గా అప్పుడే ముందు గదిలో హమీద్ ఉంగుటూరు నుంచి వచ్చిన ఒకాయనకి రెండు రకాల గుడ్డలు పరిచి చూపిస్తున్నాడు. నీలం చారలు వేయమంటారా అండీ, ఎర్ర పూలు వేయమంటారా అండీ అని ఎంతో మర్యాదగా అడుగుతున్నాడు. నీలం చారలది మిగిలింది ఒక్క తలగడకి సరిపడా ముక్క. ఆయన నీలమే అన్నాడు. నీలం శ్రేష్ఠమేనండి అని మెచ్చుకుని, కాకపోతే ఎండకి వెలుస్తుందండి అని ఒకసారీ, ఎర్ర పూలయితే పెళ్ళివారింటికి కళగా ఉంటుందండి అని ఒకసారీ అన్నాక, ఆ పెద్దమనిషి బాగా ఆలోచించి ఎర్ర పూలు ఎంచుకున్నాడు. తానే ఎంచుకున్నానన్న సంతోషంతో వెళ్ళాడు కూడా. పాతికేళ్ళ కాపురంలో ఆబిదా ఈ బేరం లెక్కలేనన్నిసార్లు చూసింది. ఆయనలో ఆమెకి బాగా నచ్చిన గుణాల్లో అదొకటి.

ఆటలో జలజ చేపలమ్మి, తామరకాయలు కోసి, ఇంటికి వచ్చింది. వాకిట్లో తండ్రి కూర్చున్నాడు. “జలజా, సంబంధం వచ్చింది. నువ్వేమంటావు?” అన్నాడు. కింద మూడు జవాబులు వచ్చాయి. సరే నాన్నా. ఆలోచించుకుంటాను. నాకు వద్దు.

ఆబిదా మొదట సరే నాన్నా నొక్కింది. మంచి పిల్లవి అన్నాడు తండ్రి. పచ్చటి పందిరీ, అరటి చెట్లూ, పీచుపీచుమంటూ సన్నాయీ వచ్చి ఆట అయిపోయింది. అప్పుడే అయిపోయిందా అని ఆమె మళ్ళీ మొదటినుంచి వచ్చి ఆలోచించుకుంటాను నొక్కింది. ఆలోచించుకో తల్లీ, ముహూర్తం శుక్రవారం అన్నాడు తండ్రి. పందిరి వచ్చింది. ఆబిదా గట్టిగా నవ్వింది. మూడోసారి నాకు వద్దు నొక్కింది. తండ్రి పక్కన తల్లి ప్రత్యక్షమై, “సిగ్గుపడుతోంది పిల్ల” అంది. పందిరి వచ్చింది.

ఈసారి ఆమె నవ్వలేదు. నేనే ఏదో తప్పు నొక్కాను అంది. నీ తప్పేం లేదమ్మా అని ఫర్జానా అనబోయి, లెక్చరర్ మాట గుర్తొచ్చి ఊరుకుంది. ఆబిదా కాసేపు తెర వంక చూసి, తప్పెక్కడుందో కనిపెట్టేసింది. పెద్దవాళ్ళతో నాకు వద్దు అని కర్ర విరిచినట్టు చెబితే ఎవరు వింటారు? వద్దండీ అనాలి. మెల్లగా, తల వంచుకుని అనాలి. అప్పుడు వింటారు. ముందు ఆ మాట మార్చు అంది కూతురితో.

ఏలూరు మనిషికి మాత్రమే తోచే సలహా అది. కంప్యూటరుకి మర్యాద తెలీదని ఫర్జానా నచ్చజెప్పబోయింది గానీ, తల్లి లేచేలా లేదు. చివరికి నాకు వద్దు తీసేసి, ‘నాకు వద్దండీ నాన్నగారూ’ అని పెట్టింది. అది చూశాకే ఆబిదా కూర కింద మంట సరిచేయడానికి లేచింది.

*

మర్నాడు పొద్దున్నే హమీద్, ఆబిదా కొత్త పరుపుకి కుట్లు వేస్తున్నారు. దూది కూరి, అంచులు కుట్టి, బెత్తాలతో కొట్టి సమం చేశాక వేసే కుట్లవి. ఇవి గట్టిగా పడకపోతే దూది ఒక మూలకి చేరి పడుకున్నవాడి నడుం విరుస్తుంది. ఆయన పరుపు పైనుంచి దబ్బనం దింపుతాడు. కింద ఆమె మొన అందుకుని లాగి, గుడ్డ పేలిక ముక్క ఆనించి, మళ్ళీ పైకి తోస్తుంది. మాటల్లేకుండా జరిగిపోయే పని. మాట్లాడాల్సిన సంగతులుంటే ఆయన ఈ పని మధ్యలోనే మొదలెడతాడు, ఆమె లేచి వెళ్ళలేదు కాబట్టి.

తాడేపల్లిగూడెం నుంచి మస్తాన్‌బీ గారు ఫోను చేశారన్నాడు. మస్తాన్‌బీ కొడుకు షాకిర్, అక్కడి ఉల్లిపాయల మార్కెట్లో తండ్రితో కలిసి కమీషను కొట్టు చూసుకుంటాడు. కిందటి నెల వాళ్ళు వచ్చి ఫర్జానాని చూసి వెళ్ళారు. కట్నం మాట వాళ్ళెత్తలేదు, వీళ్ళూ ఎత్తలేదు. కోడలు ఉద్యోగం చేయక్కర్లేదని మాత్రం మస్తాన్‌బీ నవ్వుతూనే చెప్పింది. పిల్లాడు తలెత్తి కూడా చూడలేదు. అంతా నచ్చినట్టే.

“మాట ఖాయం చేసుకోవడానికి శుక్రవారం రమ్మంటారా, ఆదివారం రమ్మంటారా అని అడిగారు. నీ ఇష్టం ఆబిదా, ఏది చెప్పమంటే అది చెబుతాను.”

ఆబిదా దబ్బనం పైకి తోసింది. ఆదివారమైతే వంటకి వీలని నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆమె చూపు చేతి కింది గుడ్డ మీద పడింది. ఎర్ర పూలది. ఇది ఉంగుటూరాయనది కదా అని అడిగింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆయనది ఇంకా మొదలెట్టలేదట. ఇది అమ్మాయి పెళ్ళి పరుపు. గింజ ఒక్కటి లేకుండా ఏరిన బూరుగు దూది, నెల రోజుల్నుంచి విడిగా దాచిపెట్టాడు. రంగు అమ్మాయినే అడుగుదాం, నీలమా, ఎరుపా అని, అన్నాడు.

ఆబిదా వరస పూర్తయ్యేదాకా కుట్లు అందుకుని, లేచి వెనక గదిలోకి వెళ్ళి కంప్యూటరు మీది చీర తీసింది. కంప్యూటరు ఎలా వెలిగించాలో నిన్ననే చూసి పెట్టుకుంది. ఫర్జానా కాలేజీకి వెళ్ళింది. చెప్పేవాళ్ళు లేకుండానే జలజ దోనె ఎక్కింది, రేవు దాటింది, చేపలమ్మింది, ఇంటికొచ్చింది. తండ్రి అడిగాడు. ఆబిదా బాణం గుర్తుని మెల్లగా జరిపి, ‘నాకు వద్దండీ నాన్నగారూ’ మీద పెట్టి నొక్కింది.

“సిగ్గుపడుతోంది పిల్ల” అంది జలజ తల్లి.

సన్నాయి మోగుతుంటే ఆబిదా కుర్చీలో అలాగే ఉండిపోయింది. ఆ మాట ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. కిందటి నెల ఇదే గదిలో మస్తాన్‌బీ, ఏమ్మా నీకు ఇష్టమేనా అని అడిగితే, ఫర్జానా గ్లాసుల పళ్ళెం వంక చూస్తూ, ఇప్పుడేనా అండీ అంది. చాలా మెల్లగా అంది. తల వంచుకునే అంది. అందరికీ వినపడింది. గది నిశ్శబ్దమైపోతుంటే, ఆ నిశ్శబ్దం తగలకుండా అడ్డంపడి, సిగ్గుపడుతోంది పిల్ల అని నవ్వేసింది తనే. అందరూ నవ్వారు. ఫర్జానా కూడా నవ్వింది.

మధ్యాహ్నం ఎండలో ఫర్జానా వచ్చేసరికి తల్లి ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. అన్నం పెట్టలేదు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది. అండీ పెట్టినా వినలేదే వాళ్ళు, అంది.

ఫర్జానా నవ్వి, నీళ్ళు తాగి, తల్లి మొహం చూసి నవ్వాపేసింది.

“నన్ను దెప్పడానికే రాశావా ఇదంతా?”

“లేదమ్మా, ఒట్టు.” నిజంగానే కంగారుపడింది. మాటలు కావాల్సి వచ్చి, విన్న మాటలు విన్నట్టు వేసేసిందట. ఎవరు అన్నవో కూడా ఆలోచించలేదట. అసలు మూడో జవాబుకి వేరే ముగింపు పెట్టాలనే అనుకున్నారు. నిస్సీ దానికి బొమ్మ కూడా గీస్తానంది. రాద్దామని కూర్చుంటే రాలేదు.

“ఎందుకు రాలేదు? సరే అన్నదానికి వచ్చిందిగా?”

“వద్దు అంటే అవతలివాళ్ళు ఏమంటారో నాకు తెలీదమ్మా.” ఫర్జానా గ్లాసు అంచు తుడుస్తూ చెప్పింది. “మనింట్లో ఎవరైనా వద్దనడం నేనెప్పుడూ వినలేదు. విననిది ఎలా రాయను?”

ఆబిదా మాత్రం విన్నదా? తన నిఖా రోజున సాక్షులు తడికె అవతల నిలబడి మూడుసార్లు అడిగితే తను ఏమన్నదో ఇప్పటికీ గుర్తులేదు. ఏడ్చింది. ఒప్పుకుందండీ అని పిన్ని చెప్పింది. అదృష్టం బాగుండి హమీద్ దొరికాడు, దేవుడు చల్లగా చూశాడు. కానీ తెలిసి ఎంచుకున్నదైతే కాదు.

షాకిర్ అంటే నీకు ఇష్టమేనా అని అడిగింది కూతుర్ని. మీ ఇష్టమమ్మా అంది ఫర్జానా, రేవు రావడం ఎంత ఖాయమో అంత ఖాయంగా. ఆబిదా తల అడ్డంగా ఊపింది. ఆ జవాబు తీసేశాను, అది నొక్కితే పని చేయదు, ఇంకోటి చెప్పు అంది. ఫర్జానాకి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ఇంకేదో కూడా వచ్చింది, దుపట్టాతో మొహం తుడుచుకుంది. తల్లి తొందరపెట్టలేదు. ముందు గదిలో బెత్తం దెబ్బలు పడుతూనే ఉన్నాయి. ఆ పిల్లకి ఆలోచించే అలవాటు కూడా ఉండాలి కదా, అడిగినవాళ్ళు లేరు.

“ఆయన మీద నాకేం లేదమ్మా. మంచివాడిలాగే ఉన్నాడు. కానీ నాకు ఇప్పుడు వద్దు. జూన్‌లో విజయవాడలో చేరాలి.” పిల్లల పాఠాల సీడీలు చేసే కంపెనీలో తనకీ నిస్సీకీ ఉద్యోగాలు వచ్చిన సంగతి ఇంట్లో తెలుసు. పెళ్ళయ్యాక చూద్దాంలే అని హమీద్ అన్నదీ తెలుసు. “చేరి, కొన్నాళ్ళు చేసి, అప్పుడు అడగండి. అప్పుడేమంటానో ఇప్పుడు నాకు తెలీదు.”

సరే, అన్నం తిను, అంది ఆబిదా.

*

హమీద్‌తో ఆమె కుట్ల మధ్యలో చెప్పలేదు. ఆయన చేతిలో బెత్తమూ దబ్బనమూ లేని సమయం చూసి, సాయంత్రపు అసర్ నమాజు చదివి వచ్చి తెల్లటోపీ మడిచి జేబులో పెట్టుకుంటున్నప్పుడు చెప్పింది. తాడేపల్లిగూడెం సంబంధం వద్దని చెప్పాలండీ అంది. అమ్మాయి ఇప్పుడు వద్దంటోంది.

ఆయన కోప్పడే మనిషి కాదు. కోప్పడితే ఆమెకి తేలికగా ఉండేది. బెంగపడ్డాడు. మాటిచ్చినట్టే కదా అన్నాడు. మస్తాన్‌బీ కుటుంబం ఎంత పెద్దమనిషి తరహాదో చెప్పాడు. ఫర్జానా చిన్నపిల్ల, రేపు సర్దుకుంటుందన్నాడు. చివరికి తనకి బాగా చేతనైన చోటికే వచ్చాడు. పోనీ శుక్రవారం వద్దు, నెలాఖరుకి పెట్టుకుందాం. లేదా మాట ఇప్పుడు ఖాయం చేసుకుని నిఖా రంజాన్ వెళ్ళాక చేద్దాం. ఈ రెంటిలో ఏదో ఒకటి అమ్మాయినే చెప్పమను.

“ఏవండీ, ఎర్ర పూలది కోసేసి, కుట్టేసి కూడా ఉంచారు మీరు. ఇంకా అమ్మాయికి నీలం చూపించడం దేనికండీ?”

హమీద్ ముందు గదిలో గోడకి ఆనించి ఉన్న పరుపు వంక చూశాడు. ఆయన మొహం చిన్నబోయింది. ఈ మనిషి జన్మలో ఎవరినీ మోసం చేయలేదు. గింజ తగిలితే కూతురికి నిద్ర పట్టదని వారాల తరబడి దూది ఏరిన మనిషి. అడగడమంటే ఇదేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. నిన్నటిదాకా తనూ నమ్మింది.

ఆయన, వాళ్ళ గుమ్మంలో నిలబడి వద్దని చెప్పడం నా వల్ల కాదు ఆబిదా, అన్నాడు. ఫోనులో చెప్పమంటే అసలే కాదు. నా వల్ల అవుతుందో లేదో నాకూ తెలీదండీ, అంది ఆమె. ఎప్పుడూ చేయలేదు కదా.

మర్నాడు పాసింజరు బండికి ఆయనే స్టేషనుకి తీసుకెళ్ళి టిక్కెట్టు కొని ఇచ్చాడు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చి, ఇంకేదో చెప్పాలని నిలబడ్డాడు. బండి కదిలింది. బురఖా సర్దుకుని ఆబిదా బయటికి చూస్తూ కూర్చుంది. భీమడోలు దాటేదాకా దక్షిణం వైపు ఎండలో చేపల చెరువులు మెరుస్తూనే ఉన్నాయి. ఒంటరిగా ఇంత దూరం రావడం ఆమెకిదే మొదలు. మనసులో అదే వాక్యం మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకుంది. ఎన్ని అండీలు చేర్చినా వద్దన్న మాట వద్దన్నట్టే ఉంది.

*

ఆమె తిరిగొచ్చేసరికి సాయంత్రం ఎండ వాకిట్లో ఇంకా ఉంది. నిస్సీ కూడా వచ్చి ఉంది. ఇద్దరమ్మాయిలూ కంప్యూటరు ముందు కూర్చుని ఏమీ చేయడం లేదు. హమీద్ దుకాణం తలుపు ఒక రెక్క దగ్గరికి వేసి వచ్చాడు. ఆబిదా చేతిసంచీ కింద పెట్టి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, మంచం మీద కూర్చుంది.

“ఆ మూడో జవాబు తియ్యి” అంది ఫర్జానాతో. “చెబుతాను, రాసుకో.”

ఫర్జానా కదల్లేదు. నిస్సీయే చెయ్యి చాపి ఆట ఆపి, మాటలు రాసే కాగితం లాంటిది తెర మీదికి తెచ్చింది.

ముందు మస్తాన్‌బీ గారు ఏమీ అనలేదని రాయమంది ఆబిదా. వాకిట్లో కూర్చుని, వాడకానికి ఉల్లిపాయలు ఏరుతోంది. నేను చెప్పాక చేతిలో ఉన్నదాని పొట్టు తీయడం మొదలెట్టింది. పైపొట్టు తీసింది, లోపలిది తీసింది, సగం పాయ అయిపోయేదాకా తీసింది. అప్పటిదాకా నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. కూర్చోమనడం కూడా మర్చిపోయింది పాపం.

“తర్వాత?” అంది ఫర్జానా. వేళ్ళు కదులుతున్నాయి.

“మా వాడిలో ఏం లోపం కనబడిందండీ అంది. ఏ లోపమూ లేదండీ, బంగారంలాంటి పిల్లాడు అన్నాను. మరైతే ఏంటండీ అంది. మా అమ్మాయి ఇప్పుడు వద్దంటోందండీ అన్నాను. అమ్మాయి అనడమేంటండీ, మీరు కదా చెప్పుకోవాలి అంది.” ఆబిదా గుక్క తిప్పుకుంది. “చెప్పలేదండీ, అడిగాను అన్నాను.”

హమీద్ గోడకి ఆనుకుని నిలబడి వింటున్నాడు.

నలుగురికీ చెప్పుకున్నామండీ అని ఆవిడ కళ్ళు తుడుచుకుందట. ఉల్లిపాయలకో, మాటకో తెలియలేదు. ఆబిదాకీ కళ్ళనీళ్ళు తిరిగాయట, తనవి మాత్రం ఉల్లిపాయలకి కాదట. తర్వాత ఆవిడే లేచి లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది. అందులో పంచదార వేయలేదు. తను అడగలేదు, మొత్తం తాగింది. తాగుతుండగా కొట్టు నుంచి షాకిర్ వచ్చాడు. తల్లి చెప్పింది. వాడు, ఆ అమ్మాయి ఏం చదువుతోందని అడిగాడు. అదైనా వాడికి చెప్పలేదా అండీ అని ఆబిదా ఆవిడనే అడగాల్సి వచ్చింది. వీణ్ణి మాత్రం ఏమడిగామండీ మేము, అంది మస్తాన్‌బీ. అదీ కోపంగా కాదు, తనలో తను అనుకున్నట్టు.

“షాకిరే తన బండి మీద స్టేషనుకి దింపాడు. పాసింజరు లేటు. వెళ్ళిపో నాయనా అంటే వెళ్ళలేదు. నేను రైలెక్కాక సలాం చెప్పి వెళ్ళాడు. అంతే.”

ఫర్జానా వేళ్ళు ఆగిపోయాయి. తెర వంకే చూస్తూ, ఇది కూడా రాయాలామ్మా అంది.

“రాయి. జరిగిందే కదా. వద్దన్నంత మాత్రాన మంచివాళ్ళు చెడ్డవాళ్ళయిపోరు. నాకూ బాధగానే ఉంది. బాధగా ఉందనీ రాయి.”

ఇంతేనా అండీ, అంది నిస్సీ. ఆ అమ్మాయి గొంతులో ఆశ్చర్యం దాగలేదు. పెద్ద గొడవ వస్తుందేమో, ఆ గొడవకి బొమ్మ ఎలా గీయాలో అని మధ్యాహ్నం నుంచి బెంగపడుతోందట. గొడవ లేదు, పంచదార లేని టీ ఒక గ్లాసు గియ్యి చాలు, అంది ఆబిదా. నిస్సీ నిజంగానే గీయడం మొదలుపెట్టింది.

రాసినదంతా ఫర్జానా పైనుంచి కిందికి చదివి చూసుకుంది. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి వద్దన్న మాటకి తర్వాతి మాటలు అచ్చయి ఉన్నాయి. ఆమె లేచి వచ్చి, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, అంత పెద్ద పిల్ల, అలా కాసేపు ఉంది. ఆబిదా జుట్టులోంచి దూది నూగు ఏరుతూ కూర్చుంది.

హమీద్ గొంతు సవరించుకున్నాడు. అందరూ ఆయనొకడున్నాడని గుర్తొచ్చినట్టు అటు చూశారు.

“మరి అందులో జలజ వాళ్ళ నాన్న ఉన్నాడు కదమ్మా” అన్నాడు. “అతనేం మాట్లాడతాడు?”

ఫర్జానా తలెత్తింది. ఆయనకింకా ఏమీ రాయలేదు నాన్నా, మీరే చెప్పండి అంది. మళ్ళీ కుర్చీలో కూర్చుని వేళ్ళు సిద్ధం చేసుకుంది.

ఆయన కంప్యూటరు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. తండ్రి బొమ్మ, పక్కన ప్రశ్న, దాని కింద మూడు జవాబులు. ఆయన వేలితో ఒకటి ఒకటిగా చూపిస్తూ చదివాడు. గుడ్డ చేతిలోకి తీసుకుని నేత చూసేటప్పుడు కూడా అంతసేపు చూడడు.

“ప్రశ్న ఉండనీ. కింద ఇవన్నీ తీసెయ్. ఖాళీగా ఉంచు, ఆ పిల్లకేం చెప్పాలనుంటే అది రాసుకుంటుంది.”

అలా కుదరదు నాన్నా అని ఫర్జానా నవ్వింది. ఎవరేం రాస్తారో మనకి ముందు తెలీదు కదా. దానికి జవాబు చెప్పడం కంప్యూటరుకి రాదు. రాసింది దానికి అర్థం కాదు.

ఎప్పుడూ సిద్ధంగా ఉండే రెండో గుడ్డ హమీద్ దగ్గర ఈసారి లేదు.

“అర్థం కాకపోతే మళ్ళీ అడగమను” అన్నాడు.

ఫర్జానా మూడు జవాబులూ చెరిపేసి, ఆ మాట రాసుకుంది.